సగం పిలుపు

మా అమ్మాయి షాద్‌నగర్‌లో కంప్యూటర్ నేర్చుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం మా హోటల్ వెనక గదిలో కూర్చుని నాకు పాఠం చెప్పింది. తొంభైలు అయిపోవస్తున్నాయి. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళ కాబట్టి నా చెయ్యి చాయ్ గిన్నె మీద, చెవి మాత్రం ఆమె మీద ఉంది. ప్రోగ్రాం రాసేటప్పుడు ఒక వస్తువుకు పని చెప్పేముందు, ఆ పని దానికి వచ్చో రాదో కనుక్కోవాలట. కనుక్కోకుండా చెప్పామా, ప్రోగ్రాం మొత్తం అక్కడికక్కడే కూలిపోతుందట.

"గా వస్తువు నోరు తెరిచి చెప్తదా బిడ్డా, నాకు వచ్చు అని?" అన్నాను.

"చెప్పది బాపూ. దాన్ల గా పని ఉందా లేదా అని మనమే చూస్తం. చెయ్యుమని అనం. ఉందా అని చూస్తం, గంతే. ఉంటేనే పిలుస్తం."

ఈ మాట నాకు లాడ్లీ బేగం ఎప్పుడో చెప్పింది అనబోయి ఊరుకున్నాను. ఎవరామె అని అడుగుతుంది. ఆమె గురించి మొదలుపెడితే నేను చాయ్ సంగతి మరిచిపోతాను, చాయ్ మాడితే ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను మరిచిపోతారు. అందుకే అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

షాద్‌నగర్ రాకముందు మేము దేవరకొండ అవతల ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. బస్సు ఆగే చోట నాది తడికెల హోటల్. పొయ్యి ముందు కూర్చుంటే రోడ్డు, రోడ్డు దాటితే మెట్ట చేలు, వాటి మీదుగా దూరాన కోట గుట్ట. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గుట్ట నేలకు ఆనకుండా తేలుతున్నట్టు ఉండేది. చూస్తూ చూస్తూ నేను కూడా కొంత తేలేవాణ్ణి. నీకు పని తక్కువ, చూపు ఎక్కువ అని మా ఆవిడ తిట్టేది. ఆమె తిట్టినవాటిలో అదొక్కటే నిజం.

లాడ్లీ బేగం మా హోటల్ వెనక సందులో ఉండేది. పొడుగాటి మనిషి. తల మీది కొంగు ఎంత గాలి వీచినా జారేది కాదు. మాట తక్కువ. ఊళ్ళో పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళందరూ పాటలు అందుకుంటే ఆమె ఒక మూల కూర్చుని తమలపాకులు తుడుస్తూ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెకు ఒక పేరుంది, ఎద్దులను అడిగే బేగం అని.

అదేం పని అని మీరు అడగవచ్చు. మోట చూడని వాళ్ళకు కొంచెం చెప్పాలి. కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్ళు పైకి తెచ్చింది ఎద్దులే. బావి ఒడ్డు నుంచి ఏటవాలుగా కిందికి ఒక దారి ఉంటుంది. ఎద్దులు మోకు లాగుతూ ఆ దారిలో దిగుతుంటే, తోలు సంచి లాంటి మోట నిండుగా పైకి వచ్చి తొట్టిలో నీళ్ళు కుమ్మరిస్తుంది. తర్వాత అవే ఎద్దులు మొఖం తిప్పకుండా, వెనక్కి నడుస్తూ ఏటవాలు ఎక్కాలి. అప్పుడే ఖాళీ మోట మళ్ళీ బావిలోకి దిగుతుంది. వెనక్కి నడిచి, వెనక ఏముందో చూడకుండా, సరిగ్గా బావి ఒడ్డుకు ముందు ఆగాలి.

ఎన్నిసార్లు చూసినా నాకది కలలాగే ఉండేది. పోయిన ఎద్దులు పోయిన దారినే, పోయిన కాళ్ళతోనే తిరిగి వస్తున్నాయి. వాటి వెంట పొద్దు కూడా కొంచెం వెనక్కి జరిగిందేమో అనిపించేది. మోట కాడ కూర్చున్నవాళ్ళకు అందుకే ఆకలి తెలిసేది కాదనుకుంటాను.

అయితే ప్రతి ఎద్దుకూ ఆ నడక రాదు. కొట్టంలో నుంచి వెనక్కి జరుగుతుంది కదా, దారి మీద మాత్రం ఎందుకు నడవదు అనుకుంటారు తెలియని వాళ్ళు. కొట్టంలో వెనక బావి లేదు. రాని ఎద్దుకు దారి మీద వెనక్కి రమ్మని హుకుం ఇస్తే అది బెదిరి అడ్డం తిరుగుతుంది, మోకు కాళ్ళకు చుట్టుకుంటుంది, కాడితో సహా రెండు ఎద్దులూ బావిలో పడతాయి. కాబట్టి కాడి కట్టకముందే తెలుసుకోవాలి. ఎద్దును కొనేటప్పుడు అమ్మేవాడు అన్ని పనులూ వచ్చనే చెబుతాడు. రాదని చెప్పి ఎద్దును అమ్మిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

అందుకని జనం ఎద్దును తోలుకొని లాడ్లీ బేగం దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె దాన్ని చదునైన జాగాలో నిలబెట్టేది. కర్ర పట్టేది కాదు. వెనక్కి పోయి నడుము మీద అరచెయ్యి వేసి, దాని ఊపిరి నెమ్మదించేదాకా ఊరికే నిలబడేది. చూస్తున్నవాళ్ళ ఊపిరి కూడా నెమ్మదించేది. తర్వాత నాలుకను అంగిటికి ఆనించి ఒక చప్పుడు మొదలుపెట్టేది. మా దిక్కు మోట తోలేవాళ్ళు ఎద్దును వెనక్కి రమ్మనే చప్పుడు అది. మొత్తం చేసేది కాదు. సగంలో ఆపేది. ఆపి చెవులు చూసేది.

పని వచ్చిన ఎద్దయితే ఒక చెవి వెనక్కి తిరుగుతుంది. ఒంటి బరువు వెనక కాళ్ళ మీదికి వస్తుంది. ఒక కాలు కొంచెం లేచి, వెనక నేల ఉందా అని తడుముతుంది. అప్పుడామె నడుము మీద తట్టి "వస్తది" అనేది. చెవి కదలకపోతే "రాదు" అనేది. మిగిలిన సగం చప్పుడు ఆమె నోట్లోనే ఉండిపోయేది.

"గా సగం ముచ్చట ఏందక్కా, మొత్తం చప్పుడు చేస్తే జల్ది తెలుస్తది గద" అని నేను ఒకసారి అడిగాను.

"మొత్తం జేస్తే హుకుం అయితది మల్లప్పా. సగం జేస్తే అడిగినట్టు. రాని పనికి హుకుం జేస్తే గా జీవి పరేషాన్ అయితది. ఇగ రేపటి నుంచి మన గొంతునే నమ్మది."

ఈ విద్య ఆమెకు మామగారు పీర్ మహమ్మద్ నేర్పాడు. ఆమె పానగల్ దిక్కు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, వంట వచ్చా అని కూడా ఆయన అడగలేదట. బియ్యం చాట ఆమె ముందు పెట్టి, చేతులు ఎటు పోతాయో చూశాడట. ఆ ఇంటి తీరే అంత. అడగడం అంటే వాళ్ళకు చూడడం.

ఆ తీరు ఆమెకు ఎంతగా అబ్బిందంటే ఎద్దులతో ఆగలేదు. చాయ్ కావాలంటే ముందు నా పాలగిన్నె వైపు చూసేది. పాలు అడుగంటి ఉంటే చాయ్ మాటే ఎత్తకుండా నీళ్ళు తాగి పోయేది. బస్సుకు చెయ్యి ఎత్తడంలో కూడా అంతే. అందరూ దూరం నుంచే చేతులు ఊపుతుంటే ఆమె మాత్రం డ్రైవర్ మొఖం కనిపించేదాకా కదిలేది కాదు. "గీనికి ఆగే మొఖం లేదు" అంటే ఆ బస్సు మా మీద దుమ్ము కొట్టి పోవాల్సిందే. నేను ఆటపట్టించేవాణ్ణి. దేవుణ్ణి కూడా వరం ఇస్తవా అని సగమే అడుగుతవా అక్కా అంటే, "గాయన చెవులు నాకు కనపడయి గద" అని నవ్వేది.

ఆమె భర్త అహ్మద్ అలీ మోట తోలేవాడు. ఆమె అడిగి సరే అన్న ఎద్దులను ఆయన నడిపేవాడు. వయసులో ఉన్నప్పుడు కృష్ణ ఒడ్డున మక్తల్ దిక్కు కూలికి పోయి, అక్కడి నుంచి ఒక మోట పాట తెచ్చుకున్నాడు. ఎద్దులను పిలిచేది మా దిక్కు చప్పుడుతోనే, పాట ఊరికే పాడుకునేవాడు. ఆయన తోలే బావి దగ్గర పని లేకపోయినా నలుగురు చేరేవాళ్ళు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. ఎనభైల మొదట్లో కామెర్లు వచ్చి పోయాడు. ఆయన పోయిన ఒకటి రెండేళ్ళకే బావుల మీద మోటార్లు కూర్చున్నాయి. మోటలు అటకలెక్కాయి. లాడ్లీ బేగం నాలుగు మేకలు పెట్టుకొని, అడపాదడపా నాగలి ఎద్దులనో బండి ఎద్దులనో చూసిపెడుతూ బతికింది.

తర్వాత వరుసగా వానలు మొఖం చాటేసిన కాలం వచ్చింది. బావుల్లో నీళ్ళు అడుగుకు పోయాయి. మోటార్లు నీళ్ళకు బదులు గాలి కక్కాయి. కొందరు మోటారును బావిలోకి దించుకున్నారు, దించే స్తోమత లేనివాళ్ళు అటక మీది మోట వైపు చూశారు. ఆ చూసినవాళ్ళలో బీరన్న ఒకడు.

బీరన్న గొర్రెలు కాచే మనిషి. కొద్దిగా భూమి, ఒక బావి. గొర్రెలను తమ్ముడితో మేతకు దూరదేశం పంపించి, తాను భార్య గుర్వమ్మతో ఊళ్ళో ఉన్నాడు. బావి కింద చిన్న మడి. అందులో వరి పొట్ట మీద ఉంది. ఇంకొన్ని తడులు పడితే గింజ, పడకపోతే గడ్డి. అతని ఎద్దుల్లో ఒకటి ముసలి కర్రెద్దు, పూర్వం మోట నడిచినదే. దాని జోడు రోగం వచ్చి పోతే, ఆ చలికాలమే ఒక మైల ఎద్దును కొన్నాడు. బూడిద రంగుది, మక్తల్ దిక్కు నుంచి వచ్చింది. నాగలికి, బండికి బాగా నడిచింది. అమ్మినవాడు మోటకు కూడా నడిచిన ఎద్దే అని చెప్పాడు.

గుర్వమ్మకు ఆ మైల ఎద్దంటే ప్రాణం. పిల్లలు లేని మనిషి. గడ్డి కొరతగా ఉన్న ఆ రోజుల్లో తాను తినే జొన్న గటక ముద్దలో కొంత దానికి పెట్టేది. అది ఆమె చెయ్యి తప్ప వేరే చెయ్యి నాకేది కాదు.

బీరన్న మైల ఎద్దును తోలుకొని వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. హోటల్ ముందున్న చదునులోనే నిలబెట్టారు. లాడ్లీ బేగం వెనక్కి పోయింది. చెయ్యి వేసి నిలబడింది. ఎద్దు నెమ్మదించింది. ఆమె చప్పుడు మొదలుపెట్టి సగంలో ఆపింది.

చెవి తిరగలేదు. ఆమె మళ్ళీ చేసింది. ఎద్దు తోకతో ఈగలు తోలుకుంది. ఇంకోసారి కూడా చేసింది. ఎద్దు కోట గుట్ట వైపు చూస్తూ నెమరు వేస్తోంది.

"రాదు" అంది ఆమె.

బీరన్న మొఖం మాడిపోయింది. "జర మంచిగ చూడు అక్కా. వాడు ఒట్టువెట్టి చెప్పిండు, మోటకు నడిచిందని."

"నేను అడిగిన, అది పలకలే. పలకని దాన్ని దారి మీదికి తోల్తే రెండు పానాలు బాయిల పడ్తయి. నీ ఇష్టం తమ్మీ."

ఆమె మాటను కాదన్నవాడు అంతవరకు లేడు. బీరన్న కూడా కాదనలేదు. అక్కడే నిలబడి లెక్క తేల్చేశాడు. ఉన్న కాస్త గడ్డీ పనికొచ్చే ఎద్దుకే పెట్టాలి. మైల ఎద్దును రేపు సంతలో అమ్మి, మోట వచ్చిన ఎద్దును ఎక్కడైనా వెతికి తేవాలి. లేదంటే మడి పోతుంది. అతని మాటలో తప్పు లేదు. అయితే కరువు సంతలో ఎద్దును కొనే రైతు ఉండడని, సంత అవతల లారీలు నిలబడి ఉంటాయని, ఆ లారీలు పట్నం కబేళాకు పోతాయని అందరికీ తెలుసు. గుర్వమ్మకూ తెలుసు. ఆమె ఎద్దు మెడ కింద చెయ్యి పెట్టి ఇంటికి నడిపించుకొని పోయింది. నాకు ఆ రోజు పొయ్యి మీద మనసు నిలవలేదు.

మరుసటి పొద్దున హోటల్ తెరవకముందే లాడ్లీ బేగం వచ్చి బల్ల మీద కూర్చుంది. నా పాలగిన్నె వైపు చూడను కూడా లేదు. ఆమె అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మల్లప్పా, గా ఎద్దు ఎనక కాళ్ళు చూసినవా?"

"ఎద్దు కాళ్ళు నేనెందుకు చూస్తనక్కా."

"డెక్కల ఎనక దిక్కు అరిగున్నయి. ముందుకు నడిచే ఎద్దుకు గట్ల అరగయి. ఏటవాలు ఎనకకు ఎక్కిన ఎద్దుకే గట్ల అరుగుతయి. నిన్ననే చూసిన. చూసి గూడ రాదంటి." వేలితో బల్ల మీద డెక్క గీసింది. "కాళ్ళేమో వచ్చు అంటున్నయి, చెవులేమో రాదు అంటున్నయి. రెండిట్ల ఒకటి అబద్ధం గావాలె. ఎద్దు అబద్ధమాడది. ఇగ నా అడుగుడే తప్పయిందేమో."

ఆమె నోట ఆ మాట విని నేను పొయ్యి ఊదడం ఆపేశాను. పెద్ద పేరున్న మనిషి. రాదని చెప్పిన మాట మీదే ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఎద్దు పోతుంది, పేరు ఉంటుంది. ఆమెకు మాత్రం ఆ పేరు రాత్రంతా ముల్లులా గుచ్చుకున్నట్టుంది.

అప్పుడే మొదటి బస్సు దిగి గొంగళ్ళు అమ్మే చెన్నయ్య వచ్చాడు. మక్తల్ దిక్కు మనిషే. ఏడాదికొకసారి మా ఊరి మీదుగా పోతాడు. నేను చాయ్ పోసి, మీ దిక్కు మోట తోలేవాళ్ళు ఎద్దును వెనక్కి ఎట్లా పిలుస్తారని అడిగాను.

"పిలుసుడేంది? మా దిక్కు ఎద్దును ఎవడు పిలువడు" అన్నాడు చెన్నయ్య గొంగళ్ళ మూట దించుతూ. "పాట పాడుతుంటం. దిగేటప్పుడు ఒక వరుస, ఎక్కేటప్పుడు ఒక వరుస. ఎక్కే వరుస అందుకోంగనే గవే ఎనకకు వస్తయి. పాట లేకుంటే మా ఎద్దులు కుక్కలను చూసినట్టు చూస్తయి మనిషిని."

లాడ్లీ బేగం లేచి నిలబడింది. సంతకు పోయే వేళయింది. నేను హోటల్ మా ఆవిడకు వదిలి ఆమె వెంట పడ్డాను. చెన్నయ్యను కూడా రమ్మంటే, అతను అప్పటికే మూట ఎత్తుకొని వేరే బస్సు వెంట పరుగెత్తాడు. ఆ బస్సు అతనికి ఆగింది కూడా. మా అవసరానికి మాత్రం అతను ఆగలేదు.

బీరన్న ఇంటి ముందు మైల ఎద్దు మెడలో కొత్త పగ్గం ఉంది. గుర్వమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఇక ఏడవలేక కూర్చున్న మొఖం. బీరన్న పగ్గం చేత పట్టుకొని, పోదామా వద్దా అన్నట్టు ఎద్దు కంటే ముందు తానే కాళ్ళు ఈడుస్తున్నాడు.

"ఆగు తమ్మీ. నిన్న నేను చెప్పింది తప్పు గావొచ్చు. ఇంకొకసారి అడుగుత."

"నువ్వు తప్పు జెప్తవా అక్కా" అన్నాడు బీరన్న. ఆశ పెట్టుకోవడానికి కూడా భయపడుతున్న గొంతు.

నేను సంగతి చెప్పాను. పాటతో అడగాలి. ఏ పాట? మాకు తెలిసిన మక్తల్ మోట పాట అహ్మద్ అలీ పాటే. ఊళ్ళో అందరికీ అది గుర్తుంది, ఎవరికీ మొత్తం రాదు. నేను ముందుకు వచ్చి ఎద్దు వెనక నిలబడి గొంతు సవరించుకొని పాడాను. ఎద్దు తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. తర్వాత బీరన్న పాడాడు. అతని గొంతు గొర్రెలను అదిలించడానికి బాగుంటుంది. మాటలు మా ఇద్దరికీ కొన్ని వచ్చు, వరుస మాత్రం రాదు. ఎద్దుకు కావాల్సింది వరుస. మాటలు దానికెందుకు?

పొద్దెక్కుతోంది. సంతకు పోయే బండ్లు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. బీరన్న పగ్గం మళ్ళీ చేతికి చుట్టుకున్నాడు. "ఇగ కాదు అక్కా. పోనియ్యి" అన్నాడు. గుర్వమ్మ కళ్ళు మూసుకుంది.

లాడ్లీ బేగం చుట్టూ చూసింది. వాకిట్లో మేమిద్దరం మగవాళ్ళం ఉన్నాం. గోడ అవతల ఇంకో నలుగురు నిలబడి చూస్తున్నారు. ఆమె కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. ఎద్దు వెనక్కి పోయి నడుము మీద చెయ్యి వేసింది.

"మళ్ళి రావే గంగమ్మా..."

సన్నగా, దుమ్ము కూడా లేవనంత మెల్లగా వచ్చింది ఆ ఎక్కే వరుస. సగంలో ఆపేసింది.

అహ్మద్ అలీ పాట అది. ఆ విరుపు, గంగమ్మ దగ్గర ఆ చిన్న దిగుడు, అన్నీ ఉన్నాయి. ఒక్క క్షణం నేను బీరన్న వాకిట్లో లేను. బావి ఒడ్డున, నీళ్ళ వాసనలో, వెనక్కి నడిచే ఎద్దుల మధ్య ఉన్నాను. పోయిన మనిషి దారి మీది నుంచి వెనక్కి వస్తున్నట్టు అనిపించింది.

మైల ఎద్దు నెమరు ఆపింది. ఎడమ చెవి మెల్లగా వెనక్కి తిరిగింది. తర్వాత రెండోది. నడుము కొంచెం కిందికి దిగింది. వెనక కాలు లేచి నేలను తడిమింది. తడిమి, అక్కడే, గాలిలో ఆగింది. మిగిలిన సగం కోసం చూస్తోంది.

"వస్తది" అంది లాడ్లీ బేగం. అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బీరన్న పగ్గం వదిలేసి నేల మీద కూలబడ్డాడు. గుర్వమ్మ లేచి వచ్చి ఎద్దు మెడకు కాదు, లాడ్లీ బేగం మెడకు చుట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే అటక మీది మోట దించారు. తోలు బిర్రబిగిసి ఉంటే నూనె పట్టించారు. గిరక కిర్రుమంది. కర్రెద్దును, మైల ఎద్దును కాడి కట్టి దారి మీదికి తెచ్చారు. బీరన్న తోలాడు. లాడ్లీ బేగం బావి ఒడ్డున నిలబడింది. ఆమె పాడితేనే మైల ఎద్దు వెనక్కి నడుస్తుంది కాబట్టి ఆమె పాడక తప్పదు. మొదట తలవంచుకొని పాడింది. ఎద్దులు వెనక్కి వచ్చి, బావి అంచుకు ముందు తమంతట తామే ఆగాయి. కర్రెద్దుకు కొత్త పిలుపు తెలియకపోయినా జోడు ఎటు నడిస్తే అటు నడిచింది. నీళ్ళు కాలువలోకి పారి మడికి చేరాయి. ఎండిన మట్టి నీళ్ళు తాగే చప్పుడు ఒడ్డు మీదికి వినిపించింది. నేను హోటల్‌కు పోవాల్సిన మనిషిని, పోలేదు.

ఎద్దులు దారి కిందికి దిగినప్పుడు ఒకసారి, కాలువకు మట్టి లాగుతున్న గుర్వమ్మ పార ఆపి ఆమె వైపు చూసింది.

"వదినె, గింత పాట నీ కడుపుల ఉంటే ఒక్కనాడన్న బయటవెట్టకపోతివి. మేమందరం నీకు రాదనుకున్నం."

లాడ్లీ బేగం బావిలోకి చూసింది.

"గాయన గూడ గట్లనే అనుకున్నడు" అంది. "నేను గిప్పుడు నువ్వున్న జాగాలనే మట్టి గుంజుతుంటి. గాయన మళ్ళి రావే గంగమ్మా అని సగం పాడి ఆపేటోడు. ఆపి నా దిక్కు చూసేటోడు. నేను అందుకుంటనేమో అని. నేను అందుకోకుంటే తక్కింది గాయననే పాడుకునేటోడు. రోజు గదే. నాకు మొత్తం ఎరుకే. నలుగురు మొగోళ్ళున్న జాగాల నోరెట్ల తెరుస్తనని తల వంచుకొని మట్టి గుంజిన."

"ఇంట్లనన్న పాడకపోతివా వదినె?"

"ఇంట్ల అడగలే. పాడుమని ఒక్కనాడు అనలే నన్ను. రానోళ్ళను హుకుం జెయ్యొద్దని గా ఇంట్ల అందరికి అలవాటేనాయె." కొంగుతో మొఖం తుడుచుకుంది. "గాయన అడుగుతాండని నాకు తెలుసు గుర్వమ్మా. నా చెవి తిరిగింది. నేనే కనపడనియ్యలే. నాకు పాట రాదనుకొనే పోయిండు."

గుర్వమ్మ మళ్ళీ పార ఎత్తింది. దారి కింద ఎద్దులు నిలబడి ఉన్నాయి. మోట ఖాళీ అయ్యింది. బీరన్న పైకి చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

లాడ్లీ బేగం తల ఎత్తి, ఈసారి సగంలో ఆగకుండా, ఊరు మొత్తానికి వినిపించేటట్టు పాడింది. ఎద్దులు వెనక్కి నడవసాగాయి.